రోహిణి కార్తెలో సముద్రపు కబురు

ఓరుగల్లుకు సముద్రము లేదు. మిక్కిలి దగ్గరగా నున్న తీరము కూడ ఇంచుమించు 250 కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను వేసవి చివరి దినములలో ఇచ్చటి రైతు రేడియో వద్ద చెవియొగ్గి వినునది తన ఊరి యెండను గురించి కాదు. అది అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. బంగాళాఖాతములో ఏమి జరుగుచున్నదని వినును. అప్పటికి ఎనుమాముల మార్కెట్టులో మిరప బస్తాలు ఆరుబయట నుండును. యాసంగి వడ్లు కల్లములలో కుప్పలుగా నుండును. మామిడి కాయ ఇంకను కొమ్మమీదనే యుండును. కోస్తాలో గాలి తిరిగిన రెండవనాటికి ఇచ్చట బస్తా తడియును, కుప్ప మొలకెత్తును, కాయ రాలును. ఇది వేసవికి మాత్రమే చెల్లిన మాట కాదు. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురము దగ్గర తీరము దాటిన మోంథా తుపాను మరునాడు వరంగల్లు, హనుమకొండ వీథులను నీట ముంచినది. సముద్రము మనకు దూరమే గాని సముద్రపు వాన దూరము కాదు.

కనుక కోస్తా వాతావరణ సూచన అనునది కోస్తావారి సొంత వ్యవహారము కాదు. ఆ సూచనను చెప్పుట ఎట్లు మొదలైనది, ఎవరెవరు చెప్పిరి, చెప్పినది ఎంతవరకు నిలిచినది అను చరిత్రను మా శ్రోతలకు ఈ ప్రసంగమున కొంత విన్నవించెదము.

మన పెద్దలకు వేసవి సూచన ఉగాదినాడే వినిపించెడిది. పంచాంగ శ్రవణమున ఆ యేటి మేఘాధిపతి యెవరు, సస్యాధిపతి యెవరు అని చెప్పి, వాన ఎన్ని ఆఢకములో లెక్కగట్టి, అందు ఇన్ని భాగములు సముద్రముమీద, ఇన్ని భాగములు పర్వతములమీద, ఇన్ని భాగములు భూమిమీద కురియునని పంచిపెట్టుదురు. సముద్రముమీద కురియు వానను కూడ లెక్కలోనికి తెచ్చిన ఆ పద్ధతి మాకు ముచ్చట గొలుపును. వాన యెక్కువగా నున్నది అన్నంతమాత్రమున మన చేనిలో పడునని కాదు గదా! ఇక రైతునకు పంచాంగము కంటె కార్తెలు దగ్గరి చుట్టములు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు పదమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. మే నెల తొలివారమున డొల్లు కర్తరి, దాని వెనుక నిజ కర్తరి. 25వ తేదీ ప్రాంతమున రోహిణి. జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర. రోహిణిలో రోళ్లు పగులుననియు, మృగశిర కురిసినచో ముసలి యెద్దు రంకె వేయుననియు సామెతలు. ఈ రెండు సామెతలలో సగటు వాతావరణ మంతయు నున్నది. లేనిది ఈ సంవత్సరము మాత్రమే. సగటును కార్తె చెప్పగలదు. ఈ యేడు ఏమగునో చెప్పుటకు మరియొకటి కావలెను. చరిత్ర యంతయు ఆ మరియొక దానికై జరిగిన వెదుకులాటయే.

ఆ వెదుకులాట మొదలు కాకముందు, సముద్రపు గాలిని ముందుగా నెరుగుట యెవరికిని సాధ్యము కాదని యొప్పుకొని రాజశాసనము వ్రాయించిన ప్రభువు ఒకడు ఓరుగల్లు సింహాసనముమీదనే యుండెను. కాకతీయ గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించెను. అతని రాజ్యము తీరమువరకు వ్యాపించిన పిమ్మట నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున, అచ్చటి వీరభద్రాలయమున, 1244-45 సంవత్సరమున నొక అభయ శాసనము వేయించెను. అంతకు ముందు, ఒక దేశమునుండి వేరొక దేశమునకు పోవు ఓడ గాలివానకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలైన సరకంతయు ఆ తీరపు రాజు తనదిగా చేసికొనెడివాడు. గణపతిదేవుడు దానిని మానివేసెను. ప్రాణముకంటె ధనమే గొప్పదని తెగించి సముద్రమున దిగిన వర్తకునివద్ద, నియమించిన సుంకము తప్ప వేరేమియు తీసికొనరాదని ఆజ్ఞాపించెను. ఎగుమతి దిగుమతుల సుంకమును ముప్పదింట ఒక వంతుగా నిర్ణయించెను. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియాలు, పోకలు — వీనిమీద సుంకముల వివరము కూడ అందు కలదు.

ఈ శాసనమును వర్తక చరిత్రలో భాగముగా చెప్పుట వాడుక. మేము దీనిని వాతావరణ చరిత్రలో కూడ చేర్చుచున్నాము. గాలివాన ఎప్పుడు వచ్చునో తెలియనప్పుడు రాజు చేయగలిగినది ఒక్కటే: ఆ నష్టము ఎవరిమీద పడవలెనో తేల్చుట. పగిలిన ఓడ యజమానిని మరల దోచుకొనరాదని ఓరుగల్లు తేల్చినది. ఆ రేవు పేరు దూరదేశములలో వినబడెను. ఆ శతాబ్దము చివర మార్కోపోలో దానిని ముత్‌ఫిలి అని వ్రాసెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో అట్టి అభయమునే మరల ప్రకటించెను. ఇటు లోనాడులో అదే కాకతీయుల కాలమున పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు వెలసినవి. వాన యెప్పుడు వచ్చినను పట్టి నిలుపుకొనుటకు చెరువు, గాలి యెప్పుడు వచ్చినను భరించుటకు శాసనము. సూచన చెప్పలేని కాలమున ఇంతకంటె మంచి యేర్పాటు మాకు తోచుట లేదు.

ఇక కోస్తాలో వేసవి చివరి గాలివానను గురించి మాకు తెలిసిన మిక్కిలి స్పష్టమైన పాత కథనము 1787వ సంవత్సరమునాటిది. గోదావరి డెల్టాలో, కోరంగి రేవునకు సమీపమున, ఇంజరము అను ఊర ఈస్టిండియా కంపెనీవారి నేత బట్టల కొఠీ యుండెడిది. అచ్చటి ఉద్యోగి యొకడు కొన్ని దినముల తరువాత వ్రాసిన లేఖ, అలెగ్జాండర్ డాల్రింపుల్ ప్రచురించుటచేత మిగిలినది. మే 17వ తేదీనుండి ఈశాన్యపు గాలి బలముగా వీచుచుండెను. కాని ఆ ఋతువులో చెడువాతావరణము అపురూపము గనుక ఎవరును దానిని లెక్కచేయలేదు. 19 రాత్రికి గాలి ముదిరినది. 20 ఉదయమునకు తలుపులు, కిటికీలు ఎగిరిపోవు ప్రచండ మారుతమైనది. పదకొండు గంటలు కావచ్చునంతలో గాలి సముద్రమువైపునుండి తిరిగినది. ఊరి జనము గుంపులు గుంపులుగా అతని యింటివైపు పరుగెత్తుచు, సముద్రము మీదికి వచ్చుచున్నదని కేకలు వేసిరి. అతడు తల యెత్తి చూడగా, బంగాళపు నదులలో పోటు వచ్చునట్లు నీరు వరుస గట్టి వచ్చుచుండెను.

శ్రోతలు ఆ మూడు దినములను గమనించవలెను. 17వ తేదీ మొదలు 20 ఉదయము వరకు ఆ గాలి తన రాకను తానే చెప్పుచునే యుండెను. వినుటకు చెవులు లేకపోలేదు. ఇది కాలము కాదు అను నమ్మకము ఆ చెవులను మూసినది. కార్తీకమాసపు గాలివానకు కోస్తా జనము భయపడుదురు. వైశాఖపు గాలివానకు భయపడరు. మే నెల తుపానులు పెక్కు ఉత్తరముగా బంగాళము వైపో, బర్మా వైపో తిరిగిపోవును గాన ఆ ధైర్యమునకు కొంత ఆధారము లేకపోలేదు. అప్పుడప్పుడు తిరుగనిది యొకటి వచ్చును.

కోరంగికి ఆ పిమ్మట కూడ విశ్రాంతి లేదు. 1839 నవంబరు 25వ తేదీ ఉప్పెన ఆ రేవును ఇంచుమించు తుడిచిపెట్టినది. మూడు లక్షలమంది మరణించిరని, ఇరువదివేల నావలు పోయినవని కొన్ని గ్రంథములు వ్రాయును. ఆ చిన్న రేవున అంత జనము, అన్ని నావలు ఉండుట మాకు నమ్మశక్యముగా లేదు. ఈ బంగాళాఖాతపు గాలివానలనే యేండ్ల తరబడి పరిశీలించి, కలకత్తాలో నుండిన మాజీ నావికుడు హెన్రీ పిడింగ్టన్ 1848లో వానికి 'సైక్లోన్' అని పేరు పెట్టెను. పాము చుట్టను తలపించు గ్రీకు మాటనుండి చేసిన పేరది. మన తీరమువారికి అంతకు పూర్వమే రెండు మాటలున్నవి: గాలివాన యొకటి, ఉప్పెన యొకటి. చంపునది ముఖ్యముగా రెండవది. ఒక్క మాటలో రెంటిని కలిపిన శాస్త్రముకంటె, విడదీసి చెప్పిన బెస్తవాని భాషయే ఈ విషయమున మెరుగని మా యభిప్రాయము.

తెలుగువాడు యంత్రములతో ఆకసమును కొలుచుట విశాఖపట్నమున మొదలైనది. గోడే వెంకట జగ్గారావు, 1817లో జన్మించిన జమీందారీ కుటుంబీకుడు, మద్రాసు ప్రభుత్వ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన టేలర్ వద్ద విద్య నేర్చి, 1840లో విశాఖలోని డాబా గార్డెన్స్‌లో తన యింటనే వేధశాల నెలకొల్పెను. పట్టణమునకు సరియైన కాలము తెలుపుటకు డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండా కొయ్యను నిలిపెను. 1856లో ఆయన మరణింపగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ భారము వహించెను. ఈయన డెప్యూటీ కలెక్టరు పదవిని వదలుకొని వేధశాలకే అంకితమైనవాడు. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సభ్యుడాయెను. నక్షత్రములతోబాటు గాలి పీడనమును, ఉష్ణమును, వానను దినదినము వ్రాయించుచుండెను. 1892లో ఆయన మరణించిన తరువాత కూడ ఆ పరిశీలనల ఫలితములు గ్రంథములుగా వెలువడినవి. దినమునకు రెండు మూడు అంకెలు, ఏండ్లకేండ్లు, మెప్పును కోరక వ్రాసి పెట్టుట: వాతావరణ శాస్త్రమునకు పునాది ఇదియే. ఇతర ప్రాంతములలో ప్రభుత్వములు చేసిన పనిని ఇచ్చట ఒక కుటుంబము చేసినది.

ప్రభుత్వమును కదల్చినది మరణములే. 1864లో అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీబందరును రెండు తుపానులు కొట్టినవి. బందరులో ముప్పదివేలమంది పోయిరని లెక్క. మరుసటి సంవత్సరమే కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల యేర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ యేర్పడినది, హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధికారి. అంతలో 1876-78 కరవు మద్రాసు రాజధానిని పీడించెను. తుపాను మాట సరే, వాన మాట ఏమని అప్పుడు అడుగవలసి వచ్చినది. హిమాలయములమీద మంచు ఎక్కువగా నున్న యేడు వాన తగ్గునను ఊహతో బ్లాన్‌ఫర్డ్ లెక్కలు వేసి 1886 జూన్ 4న మొదటి ఋతు సూచనను ప్రకటించెను. అతని తరువాత వచ్చిన ఎలియట్ 1899లో మంచి వాన చెప్పగా, ఆ యేడు ఘోరమైన అనావృష్టి వచ్చినది. ఆ పిమ్మట గిల్బర్ట్ వాకర్, 1904 నుండి 1924 వరకు, లోకమంతటి పీడనముల అంకెలను దెచ్చి గణితమునకు లొంగదీయ జూచి, పసిఫిక్ మహాసముద్రమునకును మన వానకును గల సంబంధమును కనుగొనెను. నేడు ఎల్ నినో అని పత్రికలలో చదువునది ఆ వంశములోనిదే. అది కూడ పూర్తిగా నమ్మదగిన చుట్టము కాదు: 1997లో బలమైన ఎల్ నినో ఉండియు వాన తక్కువ కాలేదు, 2002లో సాధారణ వర్షమని చెప్పిన యేడు జూలై నెల యెండి దేశము కరవు పాలైనది.

ఇప్పుడు మా వృత్తిలోనికి వచ్చెదము. సూచన వ్రాయుట ఒక పని, చేరవేయుట మరియొకటి. రేవులలో పగలు బుట్టలు, శంకువులు, రాత్రి దీపములు ఎగురవేసి ప్రమాద సూచికలను నెంబర్ల వారీగా తెలుపుదురు. ఒకటి రెండు దూరపు హెచ్చరికలు. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదము. పదికి మీద పదకొండు కూడ కలదు. దాని అర్థము గాలి మరింత పెరిగినదని కాదు. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని. వార్త రాకపోవుటను అన్నిటికంటె పై మెట్టున నిలిపిన ఆ పట్టికను కూర్చినవారికి లోకానుభవము మెండు. రైతులకు వాతావరణ సూచన రేడియోలో దేశభాషలలో వినిపించుట 1945లో మొదలైనది. చదువు రాని యింటికి కూడ వాతావరణ శాఖ మాట చేరుటకు అది తొలి దారి.

దారి యుండుట చాలదని 1977 నవంబరు 19 చూపినది. దివిసీమలో ఆనాడు పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క; కాదు, ఇంకను చాల ఎక్కువ అని ఆ సీమవారు నేటికిని చెప్పుదురు. తుపాను వచ్చుచున్నదని హెచ్చరిక లేకపోలేదు. విశాఖపట్నమున 1970 నుండి తుపానులను కనిపెట్టు రాడారు కూడ పనిచేయుచునే యున్నది. కాని ఉప్పెన మా యూరికి వచ్చును, ఇప్పుడే లేచి ఫలానా చోటికి పోవలెను అను మాట ఆ లంకలలోని గుడిసెలకు అందలేదు; అందినను పోవుటకు గట్టి కట్టడము లేదు. ఆ తరువాత తీరము పొడవున తుపాను ఆశ్రయ భవనములు లేచినవి. ఉపగ్రహముద్వారా తీర గ్రామములలోని యంత్రములకు నేరుగా తెలుగు హెచ్చరిక వినిపించు ఏర్పాటు వచ్చినది.

దాని పరీక్ష వేసవి చివరనే జరిగినది. 1979 మే నెలలో ఒంగోలు దగ్గర తీరము దాటిన తుపాను సుమారు 700 మందిని బలిగొన్నది. పదునొకండేండ్లకు, 1990 మే 9న, కృష్ణ ముఖద్వారము సమీపమున మరియొక తుపాను దాటినది. గాలి బలమున అది దివిసీమ తుపానుకు తీసిపోవునది కాదు. లక్షన్నరకు పైగా జనమును ముందే తరలించిరి. అయినను 967 మంది మరణించిరి. ఆ సంఖ్యను చిన్నదని మేము అనము. కాని దివిసీమ లెక్క ప్రక్కన దానిని పెట్టి చూచినచో, వేళకు చేరిన కబురు ఎన్ని ప్రాణముల విలువ చేయునో తెలియును. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర దాటినప్పుడు నష్టము మరింత తగ్గినది. నేడు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవల వేటకు నిషేధమున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని దానిని విధించినను, మే తుపాను వేళకు సముద్రముమీద పడవలు తక్కువగా నుండుట దానివలన కలిగిన అదనపు మేలు.

తీరము దాటిన తుపానును గురించియే అందరును మాటలాడుదురు. దాటక తొలగిపోయిన దానిని గురించి ఎవరు చెప్పుదురు? కోస్తాను వేసవిలో కాపాడునది సముద్రపు గాలి. పగలు నేల కాగి దానిమీది గాలి తేలికై పైకి లేవగా, చల్లని గాలి సముద్రముమీదినుండి వచ్చి ఆ చోటు నిండును. మధ్యాహ్నమునకు అది రాకున్నచో పడమటి గాలి రాజ్యమేలును. తెలంగాణమునుండి, దక్కను పీఠభూమినుండి వచ్చు ఆ పొడిగాలిని కోస్తావారు పేరు చెప్పగనే ఎరుగుదురు. తుపాను ఒకటి మన తీరమును వదలి ఈశాన్యముగా బర్మా వైపు పోవునప్పుడు, తేమనంతటిని తనతో పట్టుకొని పోయి, దాని చుట్టు తిరుగు గాలులచేత ఈ పొడిగాలిని తీరమువరకు లాగును. 2003 మే నెలలో జరిగినది ఇదియే. తుపాను బర్మాలో తీరము దాటినది; ఆంధ్రదేశమున వడగాడ్పులకు వేయిమందికి పైగా పోయిరి. వారిలో కూలివారు, వృద్ధులు మిక్కుటము. 2015 మే నెల వడగాడ్పులలో దేశమంతట రెండువేలమందికి మించి మరణింపగా, అందు పెద్దభాగము ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే.

అందుచేత వేసవి చివరి సూచనను వినునప్పుడు రెండు మాటలను వేరుచేసి వినుడని మా శ్రోతలను కోరుచున్నాము. "తుపాను మన తీరమునకు దూరముగా పోవుచున్నది" అనునది బెస్తవారికి శుభవార్త; ఎండలో పనిచేయువారికి కాకపోవచ్చును. "వడగాడ్పు" అను మాటకు కూడ శాఖవారి కొలత యున్నది: మైదానములలో 40 డిగ్రీలు దాటి, ఆ దినపు సగటుకంటె నాలుగున్నర డిగ్రీలు హెచ్చినప్పుడు, తీరమున 37 డిగ్రీలకే. తీరపు గాలిలో తేమ యుండుటచేత చెమట ఆరదు. అంత తక్కువ వేడిమికే దేహము ఓడిపోవును. కాకినాడలో 38 అని విని ఓరుగల్లువారు నవ్వరాదు.

మరి వాన మాట? కేరళమునకు ఋతుపవనము వచ్చు సగటు తేదీ జూన్ 1. అచ్చటినుండి వారము పది దినములలో కోస్తాను దాటి ఇటు వచ్చుట వాడుక. అది మృగశిర కార్తెకు సరిగా సరిపోవును. రాకను ముందుగా చెప్పు సూచనకు నాలుగు దినములు అటునిటు పొరబాటు ఉండవచ్చునని శాఖవారే చెప్పుదురు. ఆ నాలుగు దినములలో మన ప్రత్తి రైతు బ్రతుకున్నది. రోహిణిలో పడిన తుపాను జల్లును ఋతుపవనమని భ్రమపడి విత్తనము వేసినచో, వెనుక పది దినములు ఎండ కాసి మొలక మాడిపోవును. మరల కొనవలసిన విత్తనమునకు అప్పు. నేల కనీసము 60 నుండి 75 మిల్లీమీటర్ల వానకు తడిసినగాని ప్రత్తి విత్తవలదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుటకు కారణమిదే.

కార్తెను నమ్ముకొన్నవారిని సంవత్సరములు రెండు వైపులకును లాగినవి. 2019లో ఋతుపవనము తెలంగాణమునకు జూన్ 21న, మృగశిర ముగియు వేళకు గాని రాలేదు. 2025లో మే 24న కేరళమును తాకి, 26వ తేదీకే, రోహిణి కార్తె పుట్టిన మరునాడే, ఇచ్చటికి వచ్చినది. ఆ యేడు రోళ్లు పగులవలసిన దినములలో రైతులు గొడుగులు పట్టుకొని ఎరువుల దుకాణములవద్ద నిలిచిరి.